మూతపడ్డ సారా కొట్లు చూపించిన టీచరుగారు

రాత్రంతా ముసురు పట్టి తెల్లారేసరికి తెరిపిచ్చింది. పత్తి తడిసిపోయింది. కాస్త ఆరాక తీయిద్దామని వత్సవాయి చేలో కూలీలను గట్టు మీద కూర్చోబెట్టాను. అప్పుడు జగ్గయ్యపేట నుంచి ఫోను వచ్చింది. మా సోషల్ టీచరుగారు నిద్రలోనే పోయారని ఆవిడ తమ్ముడు చెప్పాడు.

"నువ్వు తొందరగా రా. జనం చేరుతున్నారు, నాకు భయంగా ఉంది," అన్నాడు.

ఆయన భయమేమిటో నాకు తెలుసు. కూలీలను పంపేసి బస్సెక్కాను.

మీలో కొందరు ఆవిడ వెంట నడిచే ఉంటారు. రిటైరయ్యాక ఆదివారం పొద్దున్నే గొడుగు పట్టుకుని పేట పాత బజారు మొదట్లో నిలబడేవారు. ఒకప్పుడు సారా కొట్లు, కల్లుపాకలు ఉన్న చోట్లన్నీ తిప్పి చూపించేవారు. సిమెంటు ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు, కెమెరాలు తగిలించుకున్న హైదరాబాదు వాళ్ళు వచ్చేవారు. చివర్లో ఏదో రుచి చూపిస్తారనుకునేవాళ్ళు కొందరు. ఆవిడ చూపించేది మొబైల్ షాపు, ఎరువుల కొట్టు, షట్టరు దించిన గోడౌను.

"ఈ కాలవలో కక్కేవాళ్ళు. ఈ గోడకే ఉచ్చ పోసేవాళ్ళు. నోట్లో ఈగలు దూరుతున్నా తెలిసేది కాదు. ఆడపిల్లలు బడికి వెళ్ళేదీ ఈ దారినే," అనేవారు, క్లాసులో నదుల పేర్లు చెప్పిన గొంతుతోనే. ఎవరైనా నవ్వితే ఆగేవారు. "నవ్వకండి. కడిగేవాళ్ళకి నవ్వు రాదు."

ఎరువుల కొట్టు అరుగు దగ్గర మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పేవారు. "మా ఆయన్ని ఇక్కణ్ణించే రిక్షాలో వేసుకుపోయేదాన్ని. చొక్కా నేనే ఉతికేదాన్ని. ఆ వాసన సబ్బుకి పోదు." తర్వాత గొడుగు తెరిచి ముందుకు నడిచేవారు.

హైవే పక్క బారు యజమాని ఒకసారి ఎదురొచ్చాడు. "టీచరమ్మా, మీ జనాన్ని చివర్లో మా దగ్గరికి తీసుకురండి. ఏసీ ఉంది, హాయిగా కూర్చుంటారు."

"మీది ఇంకా నడుస్తోందిగా బాబూ. మూతపడ్డాక చెప్పు, కలుపుకుంటా."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

మా వైపు చావింట్లో పాడె మోసేవాళ్ళకీ డప్పులు కొట్టేవాళ్ళకీ మందు పోయించడం మామూలు. మొన్న ఎండాకాలం చింతపండు గింజ తీస్తూ, నా ఎదుటే తమ్ముడితో అన్నారు. "నన్ను మోసేవాళ్ళ నోట మందు వాసన రాకూడదురా. పెళ్ళయిన దగ్గర్నుంచీ పీల్చా. పోయేటప్పుడైనా వద్దు." ఆయన అలాగేనని మాటిచ్చాడు. ఆయన భయం ఆ మాట గురించే.

నేను వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డప్పుల పెద్దాయనతో చెబుతున్నాడు, "మందు పోయించను. అక్క వద్దంది."

"ఆయమ్మ సంగతి మాకు తెలవదా అండీ? మేం తాగే వచ్చాం. ఎడంగా ఉండి కొడతాంలే."

ఆ ఇంట్లోనూ కొందరికి నవ్వొచ్చింది. ఉన్నమాట చెప్పాడు, నాకు కోపం రాలేదు.

ఒళ్ళు మండింది పెరట్లో. టీచరుగారి భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. తలకొరివి పెట్టాల్సింది ఆవిడ బావగారి కొడుకు. విజయవాడ నుంచి కారులో వచ్చాడు. ఇద్దరు స్నేహితులతో బావి పక్కన కూర్చుని, ఆవిడ వంటింటి స్టీలు గ్లాసుల్లో విస్కీ పోసుకుంటున్నాడు. లోపల శవానికి స్నానం చేయిస్తున్నారు. ఇక్కడ పల్లీలు నములుతున్న చప్పుడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"పొద్దున్నే లేచి డ్రైవింగు, ఒళ్ళు నొప్పులు. పిన్ని చూడొచ్చిందా ఏంటి?" అని గ్లాసు నా వైపు చాపాడు. మీసానికి పల్లీ పొట్టు అంటుకుని ఉంది.

తమ్ముడికి చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. "కొరివి పెట్టేవాడు. ఏమంటాం?"

తాగని నలుగురిని చూసి తమ్ముడు పాడె ఎత్తించాడు. దారి మధ్యలో దింపుడు కళ్లం దగ్గర దించారు. అక్కడ పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలవాలి. బావగారి కొడుకు నిప్పుకుండ కింద పెట్టి, తూలి, పాడె కర్ర పట్టుకుని వంగాడు. ఆవిడ చెవికి నోరు ఆనించి "పిన్నీ" అన్నాడు. యాలకులూ విస్కీ కలిసిన వాసన నిలబడ్డ నా దాకా వచ్చింది. రెండోసారి పిలవకముందే తమ్ముడు అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

"లే. ఇంక ముట్టుకోకు."

"అందరి ముందూ ఏంటి మామయ్యా?"

"అందరి ముందే. లే."

"మరి కొరివి ఎవరు పెడతారు?"

"నేను పెడతా."

పుట్టింటివాళ్ళు పెట్టడమేమిటని వెనక ఎవరో గొణిగారు. తమ్ముడు వినిపించుకోలేదు. తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, పంచె కొసతో ఆవిడ చెవి తుడిచాడు. "అక్కా" అని మొదటి నుంచి మూడుసార్లు పిలిచాడు. లేచి కుండ తీసుకున్నాడు.

బావగారి కొడుకూ స్నేహితులూ అక్కణ్ణించే వెనక్కి వెళ్ళారు. మేము కాటి నుంచి వచ్చేసరికి కారు లేదు. డప్పుల వాళ్ళు మాత్రం, అన్నట్టే ఎడంగా ఉండి కొట్టి, చితి అంటుకున్నాకే, పొద్దు వాలకముందు వెళ్ళారు.