సాయంత్రానికి గుణమిచ్చే సూది

సూది ముందు నా మోకాల్లోకే దిగింది. తెల్లటి మందు. నేను కోరి తీసుకున్నదే.

ఆర్మీ ఫీల్డ్ హాస్పిటల్లో డాక్టరు మేజర్ గారు ట్రేలో రెండు సిరంజిలు పెట్టారు. తెల్లటిది స్టెరాయిడ్. ఒకట్రెండు రోజుల్లో నొప్పిని లాగేస్తుంది, కొన్ని వారాలకు తిరిగి రావచ్చు. రెండోది జెల్, నీళ్లలా తేటగా ఉంది. అరిగిన కీలులో గుజ్జులా పనిచేయాలి. ఫలితం తెలియడానికి నెల పైనే పడుతుంది, కొందరికి అసలు తెలియదు. ఉన్నవి ఈ రెండే, మీ ఇద్దరిలో ఎవరికేదో మీరే తేల్చుకోండి అన్నారు.

రెండో మనిషి మా కంపెనీ రేడియో ఆపరేటరు. నాలాగే నాయక్ ర్యాంకు. అతనిది కలిదిండి, నాది గుండుగొలను. మా వైపు సూది వేస్తే సాయంత్రానికి గుణం కనబడాలి. లేకపోతే డాక్టరు నీళ్లు పొడిచాడంటారు. చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసేవాడు మర్నాడు పని మానుకోలేడు కదా. ఆ అలవాటుతోనే తెల్లదాని వైపు వేలు చూపించాను.

“మీరు పెద్దవారు. మీరు తీసుకోగా మిగిలింది నాకండి,” అన్నాడతను.

2005 వర్షాలు తగ్గాక మా కంపెనీ ఆ సరిహద్దు కొండల్లోకి చేరింది. బేస్ పదివేల అడుగుల ఎత్తు. పైపోస్టు ఇంకో రెండు వేలు పైన. కంచర గాడిదలు సగం దూరమే వచ్చేవి. ఆపైన సామాను మా వీపుల మీదే. దారంతా కదిలే రాళ్లు. ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగేటప్పుడు బరువంతా మోకాలే మోయాలి. ఇద్దరి ఎక్స్‌రేల్లోనూ అరుగుదల కనిపించింది. మంచు దారి మూసేలోగా మీలో ఎవరు ఎక్కగలిగితే వారికే పైపోస్టు సెక్షన్, అంటే అక్కడుండే పదిమంది జట్టు, అని కంపెనీ కమాండర్ చెప్పారు. ఆ సెక్షన్ నడిపినవాడికే హవల్దార్ పట్టీ. సర్వీసు ముగిసేలోగా ఇద్దరికీ అది చివరి అవకాశం.

సూది పడిన మూడో రోజున మెషిన్ గన్ భుజాన వేసుకుని మొదటి మలుపు దాకా ఎక్కి దిగాను. రేడియో ఆపరేటరు బంకర్ ముందు కాలు చాపుకుని కూర్చున్నాడు.

“ఏం తమ్ముడూ, నీ నీళ్లింకా పారుతూనే ఉన్నాయా?”

“పారనివ్వండన్నయ్యా. చేపల చెరువైనా ఒక్కపూటలో నిండదు కదండీ.”

బంకరంతా నవ్వింది. నేనే ఎక్కువ నవ్వాను.

నవంబరుకు నా నొప్పి తిరిగొచ్చింది. మోకాల్లో ఇసుక పోసినట్టుండేది. మళ్లీ స్టెరాయిడ్ ఇంత త్వరగా వేయను అన్నారు మేజర్ గారు. రేడియో ఆపరేటరు మాత్రం రోజుకో మలుపు ఎక్కువ ఎక్కుతున్నాడు. అతను ఎక్కడైనా కుంటుతాడేమోనని బైనాక్యులర్స్‌తో చూసేవాణ్ని. కుంటలేదు. సెక్షన్ అతనికిచ్చారు. నాకు కింద కిరోసిన్ డబ్బాల స్టోరు ఇచ్చారు.

సాయంత్రం పూట రేడియోలో అతని గొంతు వినబడేది.

“పోస్టు క్షేమం. మంచు నడుము దాకా ఉందండి. మీ మోకాలెలా ఉందండీ? ఓవర్.”

“బాగుంది. అవుట్.”

అవుట్ అన్నాక అవతలివాడు ఇంకేమీ అడగకూడదు. అందుకే అనేవాణ్ని.

పట్టీ అతనికే వచ్చింది. నేను నాయక్‌గానే రిటైరై 2007లో ఏలూరు స్టేషన్లో ట్రంకుపెట్టెతో దిగాను. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల గోడౌన్లో వాచ్‌మన్‌గా చేరాను. మరుసటి ఏడు ఏలూరు డాక్టరు గారిని అడిగి మరీ ఆ జెల్ వేయించుకున్నాను. ఈసారి ఓపిగ్గా రెండు నెలలు ఆగాను. నా కాలికి ఏ తేడా తెలియలేదు.

ఇప్పటికీ కళ్లు మూస్తే అతను సెక్షన్‌తో పైకి వెళ్లిన పొద్దుటే కనబడుతుంది. వీపు మీద రేడియో సెట్టు, పైన ఊగే ఏరియల్. బైనాక్యులర్స్‌లో చూస్తుండగా చివరి మలుపులో బూటు లేసు ఊడింది. ఆ బరువుతోనే గొంతుక్కూర్చుని కట్టుకున్నాడు. మోకాలి మీద చెయ్యి ఆన్చకుండా లేచి వెళ్లిపోయాడు.

అతన్ని లేపింది జెల్ మందా, దానంతటదే సర్దుకున్న మోకాలా అని ఏలూరు డాక్టరు గారిని అడిగాను. చెప్పలేమండి అన్నారు.