గేటు దగ్గర ఆపిన రాయి

గల్ఫ్‌లో, షినాస్ అనే ఊళ్లో కంపెనీ సైట్ గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ నలభై ఆరు డిగ్రీలు. పదిహేడేళ్లు ఫౌజులో చేసి హవల్దారుగా దిగిపోయిన నాకు కంపెనీ ఇచ్చింది రెండేళ్ల గార్డు డ్యూటీ. వాకీటాకీ, టార్చి, రిజిస్టరు, నీళ్ల డబ్బా. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. నా దృష్టిలో ఇదీ పోస్టింగే.

సర్వే చేసే జర్మన్ ఇంజనీరు రోజూ పదిన్నరకు నా క్యాబిన్‌లో చాయ్ తాగేవాడు. యూదుడు. అరవై దాటాయి. వచ్చీరాని హిందీలో ముత్తాత ఊరి సంగతి చెప్పేవాడు. కొండల నడుమ చిన్న పల్లె. అందులో ఇరవై యూదుల ఇళ్లు, అందరూ పశువుల బేరగాళ్లే. వారమంతా రైతుల వెంట తిరిగినా శుక్రవారం పొద్దుగూకకముందే ఇల్లు చేరేవారట. హిట్లర్ కాలంలో వాళ్లను పట్టుకుపోయి చంపారు. ఈయన తాత ముందే పారిపోయి బతికాడు. వాళ్ల ప్రార్థన మందిరంలో ఇప్పుడు ట్రాక్టరు పెట్టుకుంటున్నారు. శ్మశానం మాత్రం అలాగే ఉంది. సమాధిని కదిలించకూడదని వాళ్ల ఆనవాయితీ. ఊళ్లో ఒక్క యూదుడు లేకపోయినా, రిటైరైన బడిపంతులు ఒకాయన అక్కడ గడ్డి కోసి, పేర్లన్నీ రాసిపెట్టాడు. చూడబోయినవాళ్లు పూలు పెట్టరు, చిన్న రాయి పెట్టి వస్తారు.

ఫోటో చూపించాడు. హిట్లర్ రాకముందే పోయిన ముత్తాతది. ఒరిగిన సమాధి బండ, దాని మీద గులకరాళ్లు.

"మీ నాన్న సమాధి ఎక్కడ?" అన్నాడు.

"నీళ్ల కింద."

మా ఊరు ప్రాజెక్టులో మునిగింది. పెద్దల అమాసకు నాన్న గోరి దగ్గర దీపం పెడదామన్నా చోటు లేదు. ఆయన జాలిగా చూశాడు. నాకు ఒళ్లు మండింది. అంతమందిని పోగొట్టుకున్న మనిషిని చూసి కుళ్లుకోవడం సిగ్గుచేటని తెలుసు. అయినా కుళ్లుకున్నాను. ఆయనకు వెళ్లి నిలబడే జాగా ఉంది.

ఆయన దేశానికి వెళ్లిపోయే రోజు. పొద్దున ఆరు నలభై. కారు నడిపేది కడప డ్రైవరు. వెనక సీట్లోంచి ఇంజనీరు సైట్ వాగులో ఏరిన నల్లరాయి చూపించాడు. "ముత్తాతకు," అన్నాడు నవ్వుతూ.

"సైట్ సామాను బయటికి పోదు," అన్నాను.

డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఏందన్నా నువ్వు? రాయే గదా! విమానానికి టైమైతాంది."

"ఆర్డరంటే ఆర్డరే. నువ్వు సప్పుడు జెయ్యకు."

వాకీటాకీలో సూపర్‌వైజరు గొంతు. "గేట్ వన్, బండి ఎందుకాగింది?"

"చెకింగ్, సార్."

ఇంజనీరు వాదించలేదు. "రూలా?" అన్నాడు.

"రూలే."

రాయి నా చేతిలో పెట్టాడు. గేటు తీశాను.

ఆ ఆర్డరులో ఉన్నవి కేబుళ్లు, పైపులు, ఇనుము. రాయి మాట లేదు. అది నేను కలిపింది.

రెండేళ్లు నిండి ఇంటికొచ్చాక ప్రాజెక్టు కట్ట మీదికి వెళ్లాను. మా వాడ ఉన్న దిక్కు చూసి, నాన్న కోసం ఆ రాయి విసరబోయాను. చెయ్యి లేవలేదు. అది నాన్నది కాదు.

ఇప్పుడది మా కిటికీలో ఉంది. చూసినప్పుడల్లా, కదులుతున్న కారులోంచి బయటికి చాచి, ముడవడం మరిచిపోయిన ఆయన ఖాళీ అరచేయి కనిపిస్తుంది.