పేరు తీసేసిన పాట

మా రాజుపాలెం మిరపచేలల్లో కోతకొచ్చే నాగేంద్రమ్మొదినకి చదువు రాదు. పాట మాత్రం కాయలు కోస్తానే కట్టేది. సాలు మొదట్లో ఎత్తుకుంటే చివరికొచ్చేసరికి ఒక చరణం అయ్యేది. మేమందరం వెనక అందుకునేవాళ్ళం.

కూతురు శిరీష జొరమొచ్చి చచ్చిపోయినాక వదిన చానా రోజులు పాట ఎత్తుకోలా. ఆ తర్వాత కట్టిన పాటలో ప్రతి చరణం చివరా "నా శిరీషా" అని పిలిచేది. అక్కడికొచ్చేసరికి మా చేతులు ఆగిపొయ్యేయి.

ఆ సంగతి తెలిసి నరసరావుపేట నించి పాటలు రికార్డు చేసే ఆయన వచ్చాడు.

"బాగుందమ్మా. కానీ పాట అమ్ముడుపోవాలంటే అందరిదీ కావాలి. పేరు తీసేసి 'ఓ పిల్లా' అని పెడదాం. దరువు కాస్త పెంచుదాం" అన్నాడు.

"పేరు తీస్తే నా బిడ్డ పాటెట్టయిద్ది బాబూ?"

"నీ బిడ్డ పాట ఊరూరా తిరుగుద్ది గదమ్మా!"

ఆ మాటకే వదిన ఆయన తెచ్చిన కాయితం మీద వేలిముద్ర ఏసింది.

నిజంగానే తిరిగింది. పెళ్లిళ్లలో డీజే పెట్టి దానికే ఎగురుతున్నారు.

మొన్న మాచర్ల వైపు నించి కోతకొచ్చిన పిల్లలు అదే పాట ఎత్తుకున్నారు. వదిన గొంతు కలిపి "నా శిరీషా" అంది. పిల్లలు పకపకా నవ్వారు.

"శిరీషెవరు పిన్నీ? అక్కడ 'ఓ పిల్లా' అని రావాలి. రాకపోతే ఊరుకోరాదా!"

నేను కోపంగా లేవబోతే వదిన చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళకేం తెలుసు, ఊరుకోవే" అంది.

తర్వాత చరణానికి తనూ వాళ్ళతో పాటు "ఓ పిల్లా" అనే పాడింది. నాకు మాత్రం ఆ మాట నోట్లోంచి రాలా. తల వంచుకుని కాయలు కోశా.