కుక్క తగిలితే ఏడు మునకలు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన నెలలోనే మా అత్త సముద్ర స్నానం నేర్చుకుంది. ఆ యుద్ధం గురించి ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది అదే. వినేవాళ్ళు ముఖం అదోలా పెడతారు. పెట్టుకోనీ. అందరిలాగే నేనూ భయపడ్డాను, కానీ ఆ నెల నవ్వినంతగా దానికి ముందూ నవ్వలేదు, తర్వాతా నవ్వలేదు. లేని ఏడుపు ఎక్కడినుంచి తెచ్చి చెప్పమంటారు?

అప్పుడు మేం నగరానికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఒక కారవాన్ క్యాంపులో ఉండేవాళ్ళం. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. లోపలే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, ఏసీ. అలాంటివి పన్నెండు వరసగా నిలబెట్టి, సెలవులకు వచ్చే కువైటీ కుటుంబాలకు అద్దెకిచ్చేవారు. మా ఆయన అక్కడ మెకానిక్కు, కాపలాదారు, అన్నీ. కొత్త కారవాన్ వచ్చినప్పుడల్లా దాని నేల మీద పళ్ళెంలో నీళ్ళు పోసి, నీళ్ళు ఏ పక్కకీ ఒరగనంతవరకూ చక్రాల కింద చెక్కలు సర్దుతూ కూర్చునేవాడు. దుప్పట్లు మార్చడం, ఉతకడం నా పని. అయిదేళ్ళు ఆ పరుపులు సర్దాను గానీ ఒక్కసారి కూడా ఒకదాని మీద కూర్చోలేదు. మా ఆయన కూర్చోనిచ్చేవాడు కాదు. మేమూ, ఆరేళ్ళ మా పాపా ఉండేది జనరేటర్ వెనకాల రేకుల గదిలో.

ఆ వేసవిలో కొడుకునీ మనవరాలినీ చూసిపోదామని మా అత్త రాయచోటి నుంచి వచ్చింది. మూడు నెలల విజిట్ వీసా. మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన యజమాని, మేం బాబా అని పిలిచే ఆయన, అదే నెలలో కుటుంబంతో విదేశాలకు వెళుతూ తన సలూకీని మాకు అప్పగించాడు. సలూకీ అంటే ఎడారిలో వేటాడే కుక్క. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, చెవుల నిండా జుట్టు. మా ఆయన చేతిలో గొలుసు పెట్టి, ఇది అమానత్ అన్నాడట. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. మేం మాట్లాడేది తెలుగే అయినా నమాజు చదివే ఇల్లు మాది. ఒకరు నమ్మి మన చేతికిచ్చినదాన్ని ఎలా ఇచ్చారో అలా తిరిగి ఇచ్చేదాకా మనకు నిద్ర ఉండకూడదు.

అమానత్ సరేగానీ కుక్కతోనే వచ్చింది తంటా. కుక్క తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలని మా అత్త లెక్క. అరబ్బులు సలూకీని కుక్కల్లో కలపరనీ, డేరాలో తమ పక్కనే పడుకోనిస్తారనీ మా ఆయన నచ్చజెప్పబోయాడు. నాలుగు కాళ్ళూ తోకా ఉన్నది కుక్క కాకపోతే ఇంకేందిరా అని అడిగి ఆమె తన చాప ఇంకో మూలకు లాక్కుంది. దాన్ని పేరుతో పిలవడం కూడా ఇష్టంలేక "ఓయ్" అనేది. వారం తిరక్కుండా అది కఫీల్ పెట్టిన పేరు మరిచిపోయి, ఓయ్ అంటేనే తోక ఊపేది.

దాడి జరిగిన తెల్లవారుజామున హెలికాప్టర్ల మోతకు లేచాం. ఎండెక్కేసరికి క్యాంపులోని కుటుంబాలన్నీ పిల్లల్ని కార్లలో కుక్కుకుని సౌదీ వైపు వెళ్ళిపోయాయి. కొందరి పొయ్యిల మీద టీ అలాగే ఉంది. మా ఆయన పన్నెండు కారవాన్లూ తిరిగి గ్యాసు కట్టేసి, తాళాలు వేసి, రేకుల గదికి వచ్చి కూర్చున్నాడు. రెండు రోజులు అందులోనే ఉన్నాం. మూడో రోజు మా అత్త చెమట తుడుచుకుని లేచి నిలబడింది.

"ఖాళీగా పన్నెండిండ్లు పెట్టుకోని ఈ పొయ్యిలో ఉడకతాండేదేందిరా? తియ్ తాళాలు."

మా ఆయన నసిగాడు. నమ్మి అప్పగించినవాళ్ళ ఇల్లు అన్నాడు. మనిషి ఉంటేనే ఇల్లు నిలబడుతుంది, తాళమేసిన ఇంటికే దొంగ వస్తాడు అని ఆమె తేల్చేసింది. చివరికి ఒప్పుకున్నాడు గానీ పరుపుల మీద మా పాత దుప్పట్లు పరిచి, చెప్పులు బయటే విడవాలని అందరికీ మరీ మరీ చెప్పాడు. అయిదేళ్ళ తర్వాత ఆ పరుపు మీద మొదటిసారి పడుకుని నేను పైకప్పు చూస్తూ నవ్వుకున్నాను. ఎందుకని ఆయన అడిగితే చెప్పలేదు. చెబితే మళ్ళీ లేపుతాడని భయం.

అక్కడినుంచి మా రిసార్టు కాపురం మొదలైంది. ఈ పూట ఏ ఇల్లు అని పాప పొద్దునే జేజిని, అంటే మా అత్తను, అడిగేది. ఇద్దరూ కలిసి వరస తిరిగి ఒకదాన్ని ఎంచేవాళ్ళు. నీలం పరదాలున్న దాంట్లో నాష్టా, చివరిదాంట్లో మధ్యాహ్నం కునుకు. అద్దెకుండేవాళ్ళు వదిలేసిన ఖర్జూరాలూ, చేప డబ్బాలూ, మా గదిలోని బియ్యం, కందిపప్పూ ఉన్నాయి. మా ఆయన గాలం వేసి చేపలు తెచ్చేవాడు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని పులుసన్నం తింటుంటే ఓయ్ ఇసుకలో అటూ ఇటూ పరిగెత్తేది. అది పరిగెత్తుతుంటే చూడాలి. కాళ్ళు నేలకు తగులుతున్నాయో లేదో తెలిసేది కాదు. దూరాన నగరం వైపు పొగ కనిపించేది. కనిపించినప్పుడు మాటలు ఆగేవి, కాసేపటికి ఎవరో ఒకరు ఇంకొంచెం పులుసు అడిగేవారు.

ఒక్క నీళ్ళకే ఇబ్బంది. తాగే నీళ్ళ ట్యాంకరు రావడం మానేసింది. తొట్టిలో ఉన్నవి వండుకోవడానికీ తాగడానికే అని మా ఆయన కట్టడి పెట్టాడు. అప్పుడే కుక్క తోక మా అత్త కాలికి తగిలింది. ఏడుసార్లు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. ఎదురుగా సముద్రం ఉంది. పుట్టి బుద్ధెరిగాక చెరువులో కూడా మోకాలు మించి దిగని మనిషి, నా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏదో చదువుకుంటూ దిగింది. మొదటి అలకు నన్ను తిట్టింది. నాలుగో మునకకు కళ్ళు తెరిచింది. ఏడు అయ్యాయి అత్తా అంటే, లేదు ఆరే, నువ్వు సరిగా లెక్కపెట్టలేదు అంది.

మరుసటి రోజూ కుక్క తగిలింది. ఆ మరుసటి రోజూ తగిలింది. వారం గడిచేసరికి రోజూ సరిగ్గా ఎండ దిగే వేళకే తగులుతోంది. ఒకనాడు ఓయ్ తన పాటికి నీడలో నిద్రపోతుంటే, మా అత్త పని కట్టుకుని దాని పక్కనుంచి కొంగు రాసుకుంటూ నడవడం నా కళ్ళారా చూశాను. చూసి, గుడ్డ పట్టుకుని ఆమె వెనకే వెళ్ళాను. పాప, జేజి నడుము లోతులో ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ అరిచేవాళ్ళు. అది చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది.

తర్వాత సైనికులు వచ్చారు. నలుగురు. రెండు కారవాన్లు లారీకి తగిలించుకున్నారు. ఇంకో వారంలో ఒడ్డంతా కందకాలు తవ్వుతాం, ఖాళీ చెయ్యమన్నారు. పోతూ పోతూ ఒకడు ఓయ్ నడుము తడిమి, ఇది మా ఆఫీసరుకు బాగుంటుంది, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుపోతాను అన్నాడు.  ఆ మర్నాడు మా ఆయన నగరం పక్క రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసే మా ఊరి మనిషిని కలిసి కబురు తెచ్చాడు. మన వాళ్ళకు బస్సులు పెడుతున్నారు, బాగ్దాదు మీదుగా జోర్డాన్, అక్కడినుంచి బొంబాయికి విమానం. మా నలుగురికీ చోటు దొరికింది. మూడు రోజుల్లో ప్రయాణం. బస్సులో కుక్కను ఎక్కించరు.

ఆయన ఆ సంగతి చెప్పి, చేప ముల్లు తీస్తూ తల ఎత్తకుండా ఇంకో మాట కూడా చెప్పాడు.

"మీరు ముగ్గురూ పోండి. దీన్ని వాళ్ళకిడిసి నేను రాలేను. బాబా వచ్చినాంక ఏం మొగం పెట్టుకోని నిలబడల్ల?"

నేను అరిచాను, ఏడిచాను, పాపను ఆయన ఒళ్ళో పడేశాను. ఆయన కదల్లేదు. మా అత్త ఏదైనా అంటుందేమోనని చూశాను. అమానత్ అనే మాట దగ్గర ఆమె కొడుకు పక్షమే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక కుక్క కోసం నా మొగుణ్ణి యుద్ధంలో వదిలేసి నేను రాయచోటి పోవాలి. అదీ ఆ ఇంట్లో తేలిన న్యాయం.

మర్నాడు పొద్దున్నే ఆయన చేపలకు వెళ్ళాక, నేను ఓయ్ గొలుసు పట్టుకుని ఒడ్డు వెంట నడిచాను. చాలా దూరం నడిచాను. మా కారవాన్లు కనిపించనంత దూరం వచ్చాక గొలుసు తీసేశాను. పో అన్నాను. అది నా వంక చూసింది. ఇసుక తీసి దాని మీద విసిరాను. అప్పుడు పరిగెత్తింది. వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాను. దారిలో ఆయనకు ఏం చెప్పాలో కట్టుకథ అల్లుకున్నాను, గొలుసు తెగిందని, నేను వెతికానని. రెండు మూడుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా. తీరా వచ్చి చూస్తే ఓయ్ నీలం పరదాల కారవాన్ మెట్ల మీద కూర్చుని ఉంది. నాకంటే ఎంత ముందొచ్చిందో ఏమో, ఆయాసం కూడా తీరిపోయింది. పక్క మెట్టు మీద మా అత్త కూర్చుని ఉంది. నా చేతిలో తెగని గొలుసు చూసింది.  నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఆ పూట అన్నాల దగ్గర ఆమె కొడుకుని అడిగింది.

"బాబా అక్కాయమ్మ ఒకామె ఉండాదంటివే, జహ్రాలో. ఈడికెంత దూరం?"

దూరమే. నగరం చుట్టి పడమటికి పోవాలి. దారి పొడుగునా చెక్ పోస్టులు. సైనికులు కార్లే లాగేసుకుంటున్నారు, కుక్కను చూస్తే ఊరుకుంటారా అన్నాడాయన. కుక్కను ఎందుకు చూస్తారు, రోగిష్టి ముసలిదాన్ని చూస్తారు గానీ అంది ఆమె.

తెల్లవారగానే బయలుదేరాం. దొంగ కూడా ఎత్తుకుపోనంత సొట్టల పికప్పు మాది. ముందు మేం ముగ్గురం. వెనక పరుపు మీద మా అత్త, ఆమె దుప్పటి కిందే ఓయ్. వీపు వెనక అద్దంలోంచి చూస్తే ఒకే దుప్పటి, ఒక చివర ఆమె తల. దాన్ని రెండు చేతులా కావలించుకుంటే తప్ప ఆ పొడుగాటి కాళ్ళు లోపల ఇమడవు. ఆమె కావలించుకుంది.

జహ్రా దగ్గర చెక్ పోస్టులో ఒక సైనికుడు వెనక్కి వెళ్ళి దుప్పటి వంక చూశాడు. ఏమైందని అడిగితే మా ఆయన మలేరియా అన్నాడు. సరిగ్గా అప్పుడే, మా ఆయన గొంతు విని కాబోలు, దుప్పటి కింద తోక ఊగడం మొదలైంది.  మా అత్త ఒక్క క్షణం తడబడి, వెంటనే కాళ్ళూ చేతులూ తోకతో సమానంగా వణికించసాగింది. పళ్ళు కూడా టకటకలాడించింది. సైనికుడు రెండడుగులు వెనక్కి వేసి, యల్లా, యల్లా అని చెయ్యి ఊపాడు. పాప నవ్వు ఆపుకోలేక నా కొంగు నోట్లో కుక్కుకుంది. మలుపు తిరిగాక మా ఆయన బండి ఆపి, స్టీరింగు మీద తలపెట్టి నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

కఫీల్ అక్క తలుపు తీసి, ఓయ్‌ను చూసి, గడపలోనే కూలబడి దాని మెడలో ముఖం పెట్టుకుంది. తమ్ముడు ఎక్కడున్నాడో ఆమెకూ తెలియదు. మా ఆయన గొలుసు ఆమె చేతిలో పెట్టి, అమానత్ అన్నాడు. ఆమె లేచి మా అత్త నుదుటిన ముద్దు పెట్టుకుంది. మా అత్తకు అరబ్బీ రాదు. తెలుగులోనే అప్పగింతలు మొదలుపెట్టింది.

"పెరుగన్నం తింటాదమ్మా. చేప పెడితే ముల్లు తీసి పెట్టల్ల, లేకుంటే తినదు."

ఆ అక్క అంతా అర్థమైనట్టు తల ఊపింది. నేను మా అత్త ముఖం వంక చూశాను. ముల్లు తీసి పెట్టడం ఎప్పుడు జరిగిందో, మాలో ఎవరికీ తెలియదు.

క్యాంపుకు తిరిగొచ్చేసరికి ఎండ దిగుతోంది. అలవాటు ప్రకారం నేను గుడ్డ తీసుకుని మా అత్త వెనక సముద్రానికి వెళ్ళాను. ఈసారి నిజంగానే తగిలింది, ఏడు కాదు డెబ్బై మునకలు వెయ్యాల్సినంత. ఆమె పాదాలు తడిసేదాకా వెళ్ళి కాసేపు నిలబడి, పొడి చీరతోనే వెనక్కి వచ్చింది. ముఖం మీద, జాకెట్టు మీద, దుప్పటి నిండా ఓయ్ వెంట్రుకలే.

స్నానం చెయ్యవా అత్తా అని అడిగాను.

"రేపు చేస్తాలే," అంది. నాలుగడుగులు నడిచాక ఆగింది. "నిన్న పొద్దున నువ్వు దాన్ని యాడ ఇడిసొచ్చినావో నాకు తెల్సు. నా కొడుకు కోసరమే గదా. వానికి చెప్పొద్దు, బాధపడతాడు."

మర్నాడు చీకటితోనే బస్సు. నలుగురం ఎక్కాం. జోర్డాన్ డేరాల్లో మూడు రాత్రులూ మా అత్త ఆ దుప్పటే కప్పుకుంది. రాయచోటికి వచ్చాక కూడా చాలా రోజులు దాన్ని ఉతకలేదు. మా ఇంట్లో దుప్పట్లు ఉతికేది నేనే. ఆ ఒక్కదాన్నీ నేను ముట్టుకోలేదు.

నేను గొలుసు తీసేసిన సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. చెప్పకుండానే మా అత్త వెళ్ళిపోయింది. ఇది అచ్చయ్యాక ఆయనే చదువుతాడు.