బావకు తీసిన రక్తపోటు

బస్సు డిపో వైద్యశాలలో ఆమె పంతొమ్మిదేళ్లుగా నర్సు. డ్రైవర్లందరి రక్తపోటూ ఏటా ఆమె చేతి మీదుగానే నమోదవుతుంది. వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చోవాలి, పాదాలు నేలకు తగలాలి, మూత్రం ఆపుకొని ఉండకూడదు, ఎక్కువ వస్తే రెండోసారి తీయాలి: ఈ నియమాలను గుండ్రని అక్షరాలతో రాసి గోడకు అంటించింది కూడా ఆమే. అడిగినవారికి కారణం చెప్పేది. చలి వేసినా, భయం కలిగినా, మూత్రాశయం నిండినా, సన్నని రక్తనాళాల గోడల్లోని కండరాన్ని శరీరం బిగిస్తుంది. దారి ఇరుకైతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది జబ్బు కాదు. శరీరం తన పని తాను చేసుకోవడం.

ఆ సోమవారం వరుసలో నలభై మంది ఉన్నారు. పదిహేడోవాడు ఆమె అక్క భర్త.

"మరదలా, ఒక్క నిమిషం," అంటూ చిటికెన వేలు చూపించాడు.

"బడిపిల్లాడివా బావా, వేలు చూపించడానికి? ఇప్పుడు లేస్తే మళ్లీ వరుస తోక పట్టుకోవాల్సిందే. కూర్చో, అరనిమిషం పని."

"మరదలి మాట జవదాటకన్నా!" అని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అతను ముఖం దించుకుని కూర్చున్నాడు. ఆమె వెంటనే పట్టీ చుట్టింది. నూట డెబ్బై రెండు, నూట నాలుగు. డ్రైవర్లకు డిపో పెట్టిన హద్దు నూట అరవై, వంద. వరుస కేసి చూసి, రెండోసారి తీయకుండానే రాసేసింది.

బుధవారం అతన్ని బస్సు దింపి, బస్సులు కడిగే షెడ్డుకు మార్చారు. ఇరవై ఆరేళ్లు స్టీరింగు పట్టిన మనిషి.

"నీ చేత్తోనే మా నోట్లో మట్టి కొట్టావే," అంది అక్క ఆ రాత్రి ఫోనులో. "ఆయన అన్నం కూడా ముట్టలేదు."

"యంత్రం చూపించిందే రాశానక్కా."

ఆ మాట నిజమే. రెండోసారి తీయలేదన్నదీ నిజమే.

మర్నాడు డాక్టరు ముందు నిలబడింది. "తప్పు నాదండీ. మళ్లీ పరీక్షించాలి."

"రాసిస్తే నీ ఫైల్లోకి ఎక్కుతుందమ్మా. తెలుసుగా?"

"తెలుసండీ." మూత్రానికి వెళ్తానన్నవాణ్ణి పరిహసించి ఆపానని కూడా వదలకుండా రాసింది.

శుక్రవారం బావ వచ్చాడు. ఈసారి ఒక్క నియమమూ తప్పలేదు. నూట అరవై ఆరు. అయిదు నిమిషాలాగి తీస్తే నూట అరవై ఎనిమిది. పట్టీ విప్పుతుంటే అతని వేళ్లు తగిలాయి, చల్లగా ఉన్నాయి. అతని చూపు యంత్రం మీద లేదు, ఆమె చేతుల మీద ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. మందులిచ్చే అమ్మాయిని పిలిచి పట్టీ అప్పగించి, వసారాలోకి వెళ్లి నిలబడింది. లోపల అమ్మాయి ఏదో పిల్లల కబురు అడిగింది, తర్వాత అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోమంది. చాలాసేపటికి గొంతు వినిపించింది: "నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఆరు." మరోసారి: "నూట ముప్పై ఆరు."

అతను కాగితంతో బయటికొచ్చాడు. "బస్సు ఇస్తారట."

"బావా, ఆ రోజు నేను..."

"పోనీలే." కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వచ్చే ఏడు కూడా ఆ అమ్మాయే తీస్తుందా?"

"ఆ అమ్మాయే తీస్తుంది బావా," అంది.