హైమ ఓడకు తీసుకెళ్లిన సీసా

చనిపోయిన రోజు ఉదయం హైమ ఫ్రిజ్‌లో నా పెరుగు గిన్నెను వెనక్కి నెట్టి, సముద్రం అడుగున తీసిన బురద పొట్లాలు పెట్టింది.

"పెరుగుకు వాసన పడుతుంది," అన్నాను.

"ఎనిమిదివేల ఏళ్లనాటి బురదండీ. మీ పెరుగే దీన్ని పాడు చెయ్యకుండా చూడాలి." స్కూటర్ మీద వెళ్లింది. కోటిపల్లి బస్టాండు దాటాక లారీ గుద్దింది. అది రెండువేల నాలుగు.

నా భార్య పని ఇదీ. గోదావరి సముద్రంలో కలిసే చోటుకి ఎదురుగా, ఓడ మీంచి అడుగు బురదలోకి పొడవాటి గొట్టం దించేవారు. గొట్టంలో కిందికి వెళ్లేకొద్దీ పాతకాలం. ఆ బురదలో రవ్వంత గవ్వలుంటాయి. వాటి పెంకును యాసిడ్‌లో కరిగించి అందులో మెగ్నీషియం కొలిస్తే, అవి బతికిననాటి సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో తెలుస్తుందట. సన్నటి కుంచె మొన తడిచేసి ఒక్కొక్కటే ఏరేది. అంత మెల్లగా నా చొక్కా మీది దారప్పోగు కూడా ఏనాడూ తియ్యలేదు.

"వేల ఏళ్లనాటి నీళ్ల వేడి చెబుతావు, నాకు జ్వరమొచ్చిందో లేదో చూడవేం?"

మైక్రోస్కోపు మీంచి కళ్లు తియ్యలేదు. "చూడాలంటే మిమ్మల్ని యాసిడ్‌లో కరిగించాలండీ. కాసేపు పడుకోండి."

బురదనైనా సహించాను గానీ నిరంజన్‌ని సహించలేకపోయాను. ఆమె ల్యాబ్‌లోనే పని, తునిలో బట్టలకొట్టు వాళ్లబ్బాయి. ఏటా ఓడ మీద నెల్లాళ్లు ఇద్దరూ ఉండేవారు. బయల్దేరేముందు నేనే నిమ్మకాయ ఊరగాయ పెట్టి సీసా నింపి ఇచ్చేవాణ్ని. ఇంట్లో హైమ ఊరగాయ ముట్టదు. సీసా మాత్రం ప్రతిసారీ ఖాళీగా వచ్చేది.

"ఎవరు తిన్నారంతా? ఆ నిరంజనా?"

"ఓడలో ఊరగాయ మిగులుతుందేంటండీ!" అని నవ్వేది. పేరు చెప్పేది కాదు.

నా చేతి ఊరగాయ వాడి కంచంలో, పక్కన నవ్వుతూ నా భార్య. నాకు కనిపించే ఓడ అదే. వాడి నోరు మండాలని ఒక ఏడు కారం రెట్టింపు వేశాను. అదీ ఖాళీగానే వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక, బురద పొట్లాల కోసం నిరంజన్ వచ్చాడు. ఫ్రిజ్ మీద ఆ ఏటి ప్రయాణానికని పెట్టిన సీసా ఉంది.

"ఇదీ తీసుకెళ్లండి. మీకిష్టం కదా," అన్నాను.

తెల్లబోయాడు. "దీని రుచేంటో నాకు తెలీదండీ. మేడంగారికి ఓడెక్కితే వాంతులే. ఏ ఏడూ తగ్గలేదు. దిగేదాకా ఈ బద్దలే చప్పరిస్తూ ఉండేవారు. ఒక్క బద్ద పెట్టండంటే, 'మా ఇంటిది, నీకెందుకు పెడతానయ్యా' అని సీసా దాచేసేవారు. ఒక ఏడైతే మరీ కారంగా ఉందేమో, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. అయినా మాకెవరికీ పెట్టలేదండీ."