హంసలదీవి బురదలో అయస్కాంతాలు

అన్నయ్య కంట్లో ఇనుప నలుసు గుచ్చుకునేనాటికి నేను బందరు కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుని. లేతు మిషను మీద పని చేస్తుంటే ఎగిరి పడిందది. గుడివాడ తీసుకెళితే అక్కడి కంటి డాక్టరుగారు పెద్ద అయస్కాంతంతో ఆ నలుసుని బయటికి లాగేశారు. చూపు దక్కింది.

ఆయన కట్టు కడుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరుగారూ, మందుని కూడా ఇలాగే ఒంట్లో కావలసిన చోటికి లాక్కెళ్లచ్చాండీ?"

ఆయన నవ్వలేదు. "లాగచ్చేమోనమ్మా. కానీ మందు అంటించడానికి, నెత్తుట్లో అడ్డం పడనంత సన్నటి అయస్కాంతప్పొడి కావాలి. అంత మెత్తగా ఎవరు నూరిపెడతారు?"

ఏడాది దాటాక కాలేజీకి వచ్చిన ఓ విదేశీ పత్రికలో చదివాను. బురదలో బతికే ఒక రకం బాక్టీరియా ఇనుముతో తన ఒంట్లోనే అతిచిన్న అయస్కాంతాలు తయారుచేసుకుంటుందట. నూరేవాళ్లు దొరికారనుకున్నాను.

ఆ ఆదివారమే అన్నయ్యా నేనూ అవనిగడ్డ మీదుగా హంసలదీవి వెళ్లాం. మడచెట్ల దగ్గర మోకాలిలోతు దిగి అన్నయ్యే సీసా నింపాడు. చేపల గంపతో వెళ్తున్న ఒకావిడ ఆగింది.

"చేపలు కొనుక్కోక బురదెందుకమ్మా?"

"ఇందులో మందుందేమోనని, పిన్నీ."

"ఉంటే మాక్కూడా చెప్పండి," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

సీసాని వంటింటి పక్క చీకటి మూలలో పెట్టాను. మూడు వారాలకి కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది. "ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి," అంది అమ్మ. సీసా లాబుకి మారింది. ఎన్నిసార్లు చూసినా ఏమీ కనిపించలేదు. చివరికి సీసాకి అయస్కాంతం ఆనించి ఉంచి, సరిగ్గా అక్కడి నీళ్లే తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పక్కనే అయస్కాంతం పెడితే, చుక్క అంచుకి సన్నటి నలుసులు ఈదుకుంటూ వస్తున్నాయి. అయస్కాంతాన్ని అటుదిటు తిప్పాను. అన్నీ ఒక్కసారిగా వెనక్కి మళ్లాయి.

కార్డు రాస్తే డాక్టరుగారు బస్సెక్కి వచ్చారు. చాలాసేపు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

"వీటిని పెంచడం తెలియాలి. ఆ అయస్కాంతాలు బయటికి తియ్యాలి. మనిషికి హాని చెయ్యవని తేల్చాలి. మన కాలంలో అవుతుందంటావా?"

"తెలీదండీ. కానీ మొదలెట్టచ్చుగా?"

"అయితే ఈ ఉద్యోగంలో కూచోకు. రిసెర్చికి అప్లికేషను పెట్టు."

పెట్టాను. సీటు వచ్చింది. పెట్టె సర్దుతూ అమ్మ అడిగింది.

"అక్కడ కూడా బురదేనా?"

"బురదేనమ్మా."

"అయితే పాత చీరలే పెడతాను," అంది.